మామగారి పన్ను, నడిచే మిషను

ఆదివారం పొద్దున్నే పళ్ల డాక్టరు టిఫిను కూడా ముట్టకుండా, మేడమీది వసారాలో వాషింగ్ మిషను ముందు బోర్లా పడుకున్నాడు. భోజనాల లోపు మిషనును కదలకుండా నిలబెట్టాలి, భోజనాలయ్యాక మామగారి పన్ను పీకాలి. ఆ రోజుకు ఆయన వేసుకున్న పథకం అంతే.

ఈ రెండు పనులకూ ముడిపెట్టింది మామగారే. ఆయన జీవితమంతా లేతు మిషన్ల మధ్య గడిపి రిటైరైన ఫిట్టరు. కూతురింటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన కింది పన్ను ఒకటి ఊగిసలాడుతోంది. ముద్ద నమిలినప్పుడల్లా కళ్ల నీళ్లు తిరుగుతున్నాయి. కింది వాటాలోనే అల్లుడి క్లినిక్కు ఉంది. అయినా ఆయన నోరు తెరిస్తే ఒట్టు.

"మనిషి చేతిలో పనితనం ఉందో లేదో నాకు తెలియొద్దా అల్లుడుగారూ? మీ మిషను చూడండి, బట్టలు పిండేటప్పుడు వసారా అంతా షికారు చేస్తోంది. ముందు దాన్ని నిలబెట్టండి. లేదంటే రేపు బజారు చివర ఇంకో డాక్టరున్నాడటగా, అక్కడికే పోతాను" అన్నాడు.

ఆ మాటకు అల్లుడి ప్రాణం చివుక్కుమంది. సొంత మామే పోటీ డాక్టరు దగ్గర నోరు తెరిచాడని తెలిస్తే, వీధిలో ఇంకెవరు తన ముందు తెరుస్తారు?

"పళ్లు సరిచేసేవాడికి కాళ్లు సరిచేయడం ఒక లెక్కా!" అనుకుని, నోట్లో పెట్టే బుల్లి అద్దాన్ని మిషను కిందికి దూర్చి నాలుగు కాళ్లూ పరీక్షించాడు. అలవాటు కొద్దీ "కొంచెం ఓర్చుకోవాలి" అని మిషనుకు ధైర్యం కూడా చెప్పాడు. కుడివైపు ముందు కాలు పొట్టిగా ఉంది. పానాతో మర తిప్పి పెంచి, మూతమీద రసమట్టం పెట్టాడు. బుడగ బుద్ధిగా మధ్యలో నిలిచింది.

"అయిపోయింది మామయ్యా! పన్ను మీద ఆశ వదిలేసుకోండి" అని కేకేసి, మిషను స్విచ్చి నొక్కి స్నానానికి వెళ్లాడు.

తిరిగొచ్చి చూస్తే మిషను గడగడలాడుతూ గడప దాకా నడిచొచ్చేసింది. బుడగ ఎడమ అంచుకు పోయి కూర్చుంది. పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్న మామగారు "పాపం, బాగానే కష్టపడ్డారు" అని జాలిపడ్డాడు.

"ఏవండీ, మెకానిక్కును పిలుద్దామా?" అంది భార్య మెల్లిగా.

"మెకానిక్కా? కొత్తగా బిగించిన మర కదా, సర్దుకుంటోంది. కట్టుడు పళ్లు కూడా మొదట్లో ఇలాగే సతాయిస్తాయి" అని ఆయన ఏమాత్రం తొణక్కుండా మళ్లీ బిగించాడు. ఇంతలో ఫోను మోగింది. ఎవరికో దవడ వాచిందట. వాళ్లకు ధైర్యం చెప్పి వచ్చేసరికి బుడగ ఈసారి కుడి అంచున ఉంది.

"ఓహో, ఎడమ కాళ్లదా దోషం!" అని వాటినీ పెంచాడు. మిషను పెళ్లిచూపుల్లో పిల్లలా నిటారుగా నిలబడింది. బట్టలు వేసి స్విచ్చి నొక్కితే, చప్పుడు లేకుండా ఉతకడం మొదలుపెట్టింది. డాక్టరు గర్వంగా మీసం దువ్వుకుని, భార్యకు కంచాలు పెట్టడంలో సాయం చేయడానికి లోపలికి వెళ్లాడు.

మిషను పిండడం మొదలైందో లేదో, వసారాలో ఇల్లు కూలినంత చప్పుడు. ఇద్దరూ పరుగెత్తారు. మిషను గోడవైపు తిరిగి చిందులు తొక్కుతోంది. దానికీ గోడకూ మధ్య మామగారు ఇరుక్కుపోయి ఉన్నాడు. దాన్ని రెండు చేతులా కావలించుకుని, గడ్డం మూతకు ఆనించి, ఆగమని బతిమాలుతున్నాడు.

"ఆ-ఆ-ఆపండి అ-అ-అల్లుడుగారూ!"

భార్య ప్లగ్గు లాగేసింది. మిషను ఆగింది. మామగారు నోరు మూశాడు, నాలుకతో ఏదో వెతుక్కుని మళ్లీ తెరిచాడు. ఊగిసలాడే పన్ను మిషను మూతమీద పడి ఉంది. ఆయన చేతిలో ఇంకా అల్లుడి పానా ఉంది.

"అదేంటి మామయ్యా, మీ చేతిలో?"

మామగారు తల వంచుకున్నాడు. "నాకు సూదంటే చచ్చేంత భయం అల్లుడుగారూ. మీ పనితనం మీద అనుమానమేం లేదు. మిషను నిలబడితే నోరు తెరవాల్సొస్తుందని, మీరు బిగించినవన్నీ నేను వదులు చేస్తున్నా."

"అయ్యో నాన్నా! ఈయన బిగింపు చాల్లేదనుకుని, ఫోనులో ఉన్నప్పుడు నేను కుడి కాలి కింద అట్టముక్క దోపాను" అంది కూతురు, నాలుక కరుచుకుని.

డాక్టరుకు ముందు ఒళ్లు మండింది. కానీ ఇనుమును తరిగిన ఆ చేతులు పానాను చొక్కా కింద దాచుకోబోతుంటే చూడలేకపోయాడు. తన దగ్గరకు వచ్చేవాళ్ల భయం రోజూ చూసేదే, సొంతింట్లో మాత్రం పోల్చుకోలేకపోయానే అని నిజంగానే సిగ్గుపడ్డాడు. ఆయన్ను బయటికి లాగి కుర్చీలో కూర్చోబెట్టి, దూది ఉండ చేసి దగ్గరికి తెచ్చాడు. ఎవరూ అడక్కుండానే మామగారు నోరు తెరిచాడు.

"నొప్పిగా ఉందా?"

దూది కరుచుకుని మామగారు లేదన్నట్టు తలూపాడు. అల్లుడి భుజం మీద చెయ్యివేసి ఒక్క నొక్కు నొక్కాడు. చాన్నాళ్లుగా డాక్టరు ఎదురుచూస్తున్న మెప్పు అదే.

ఆ సాయంత్రం మామగారు వీధి అరుగులన్నీ తిరిగి అల్లుడి పనితనం చాటాడు. సూది లేదు, పట్టకారు లేదు, పన్ను ఊడిన సంగతే తెలీలేదు, అంతా వాషింగ్ మిషను మీదే అయిపోయిందని ఒట్టేసి మరీ చెప్పాడు.

మర్నాడు క్లినిక్కు కిటకిటలాడింది గానీ, వచ్చినవాళ్లందరూ మేడమీదికి మెట్లు ఎటని అడిగారు.