తాటాకుల కోసం తడిసిన రోడ్డు

రోడ్డు మీద పూటపూటకీ నీళ్లు చల్లించాలి. ఇనుప ఖనిజం లారీలకి టార్పాలిన్లు బిగించి కట్టించాలి. మా క్యాంపు దాటేదాకా అవి మెల్లగా పోయేట్టు చూడాలి. హాలు కిటికీల సందులు మూయించాలి. లోపల ఎవరూ దగ్గకుండా ఒక మనిషిని కాపలా పెట్టాలి.

ఇవన్నీ ఎవరి కోసం అనుకుంటున్నారు? మా కోసం అనుకుంటే మీరు బస్తర్ ఎప్పుడూ రాలేదన్నమాట. మా గనుల కంపెనీ టౌన్‌షిప్ హాలుకి ప్రాచీన బౌద్ధ తాళపత్రాల ప్రదర్శన వచ్చింది. ఆ ఆకుల కోసం!

అందుకే ఘంటాపథంగా చెబుతున్నాను. ఈ గనుల ప్రాంతంలో తాళపత్రాలను మించిన ప్రజాసేవకులు లేరు. ఓటు అడగవు, దండ వేయించుకోవు. గాజు పెట్టెలో ఊరికే పడుకునుండి పనులన్నీ జరిపిస్తాయి. ఊరికే పడుకునే నాయకులు మాకూ ఉన్నారు గానీ, పని జరగదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే. కాబట్టి వచ్చినవాళ్లకి తెలుగులో, హిందీలో వివరించే డ్యూటీ నాకు వేశారు. ఈ గ్రంథాలు నేటి కాలానికి ఎందుకు అవసరమో ఒక కాగితం మీద రాసిచ్చి బట్టీ పట్టమన్నారు. శ్రద్ధగా పట్టాను. దుఃఖం ఉంది. దుఃఖానికి కారణం ఉంది. కారణం తీసేస్తే దుఃఖం పోతుంది.

మొదటి రెండు ముక్కలూ మాకు కొత్త కాదు. లారీల రోడ్డు పక్కన రేకుల ఇళ్లు మావి. అన్నంలో ఎర్ర దుమ్ము, ఆరేసిన బట్టల మీద ఎర్ర దుమ్ము. మా పక్కింటి సోమక్క కిష్టారం నుంచి కూలికొచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. రోడ్డు మీదే టీ బండి. దుమ్ముకి ఛాతీ పాడై, పడుకుంటే ఊపిరాడక, గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతుంది. నీళ్లు చల్లించండని కంపెనీ వాళ్ల దగ్గరికి ఎన్నిసార్లు పోయామో! ట్యాంకర్ లేదన్నారు. ట్యాంకరున్నప్పుడు డ్రైవరు లేడన్నారు. ఇద్దరూ ఉన్న రోజున నీళ్లు లేవన్నారు.

మూడో ముక్క మాత్రం ఆకులే వచ్చి నేర్పాయి. తెల్లారేసరికి ట్యాంకర్ వచ్చింది, డ్రైవరూ వచ్చాడు, నీళ్లూ వచ్చాయి! ప్రదర్శన ఉన్నన్నాళ్లూ సోమక్క మంచం మీద నడుం వాల్చి నిద్రపోయింది. ఏ గ్రంథమైనా నేటి కాలానికి ఇంతకన్నా ఏం పనికి రావాలి?

ఆకులకి దణ్ణం పెట్టుకుందామని సోమక్క ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. దగ్గొస్తే బయటికి పోవాలని ఒప్పించి మరీ కాపలా మనిషి లోపలికి వదిలాడు. ప్రదర్శన ఇన్‌ఛార్జి సారు మంచివాడు. దుమ్ము ఆకుని ఎలా పాడు చేస్తుందో ఆమెకి ఓపిగ్గా చెప్పారు. పైకి ఏమీ కనబడదట. లోలోపలే తినేస్తుందట. తెలిసేసరికి చేయి దాటిపోతుందట.

"ఏంది సారూ, ఆకుకే గంతయితే నా ఛాతీకేమైతది?" అంది సోమక్క.

సారు నవ్వారు. "ఇవి వెయ్యేళ్ల నాటివమ్మా. పోతే మళ్లీ దొరకవు."

"నేను దొరుకుతనా సారూ?"

సారు వాచీ చూసుకున్నారు. నేను నా కాగితం చూసుకున్నాను. అందులో అవే మూడు ముక్కలున్నాయి.

ప్రదర్శన ముగిసింది. ఆకుల్ని పెట్టెల్లో సర్ది జగదల్‌పూర్ వైపు తీసుకుపోయారు. మర్నాటి నుంచి ట్యాంకర్ రాలేదు. అడిగితే, ఆ నీళ్లు ప్రదర్శన కోసం మంజూరైనవి అన్నారు. న్యాయమే కదా! తాగడానికో, బతకడానికో మంజూరు చేయించుకోవాలని మాకెలా తెలుస్తుంది?

అధికారులకి నాదొక మనవి. ఒక్క ఆకుని మా దగ్గర వదిలి వెళ్లండి. రాత లేనిదైనా పర్వాలేదు. సోమక్క ఇంట్లో పెట్టుకుంటాం. ఆకుకి దుమ్ము సరిపడదు కాబట్టి మీరెలాగూ రోడ్డు తడిపిస్తారు. దానికి అభ్యంతరం లేకపోతే, దాని పక్కనే మేమూ కాస్త ఊపిరి పీల్చుకుంటాం.

పాఠకులారా, ఆ ప్రదర్శన మీ ఊరొస్తే తప్పకుండా వెళ్లండి. నిజంగా గొప్ప ఆకులవి, ఈ మాట వెక్కిరింతకి అనడం లేదు. ఇన్ని వందల ఏళ్లు వాటిని కాపాడిన చేతులకి దణ్ణం పెట్టండి. పెట్టాక, సోమక్కని ఒక్కసారి తలుచుకోండి. ఆమె మళ్లీ కూర్చునే నిద్రపోతోంది.