పద్నాలుగో నిబంధన

చాలా ఏళ్ళుగా నన్నొక సందేహం వదలడం లేదు. ఫోనులో కొత్తది ఏదైనా పెట్టుకునేటప్పుడు 'నిబంధనలన్నీ చదివాను, అర్థం చేసుకున్నాను, అంగీకరిస్తున్నాను' అని ఒక గడి వస్తుంది. చదవకుండానే దాన్ని నొక్కేస్తాం. ఇది అబద్ధమాడటం కిందికి వస్తుందా, రాదా? రోజూ దేవుడి ముందు నిలబడి మంచిబుద్ధి ఇమ్మని అడిగేవాణ్ణి కాబట్టి తెలిసిన పెద్దాయన్ని ఒకరిని అడిగాను. "నోటితో అన్నది అబద్ధం గానీ, వేలితో నొక్కినదానికి పాపమేమిటి?" అన్నాడాయన. ఆ జవాబు నాకు మింగుడు పడలేదు. పక్కవీధి ప్రూఫులాయన ఇంట్లో జరిగింది విన్నాక సందేహం తీరలేదు గానీ, దానికి తోడు దొరికింది.

ప్రూఫులాయన ముప్పైనాలుగేళ్ళు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. ఉద్యోగం నుంచి దిగాడు గానీ ఎర్ర పెన్సిలు మాత్రం ఆయన చెవి మీద నుంచి దిగలేదు. కరెంటు బిల్లు వెనకాల సన్నక్షరాలు, సబ్బు డబ్బా మీది హెచ్చరిక, బస్సు టిక్కెట్టు కింది గీత, ఏదీ వదలడు. పెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టే ముందు కూడా మొదటి పేజీ నుంచి చదివాడనీ, వెనకాల రెండు జంటలు నిలబడి గొణుక్కున్నాయనీ ఆయన భార్య ఇప్పటికీ చెబుతుంది.

ఆయన ఒక్కగానొక్క కూతురు ఒక యాప్ తయారుచేసింది. పేరు 'మందువేళ'. వేళకు మోగి "మందు వేసుకున్నారా?" అని అడుగుతుంది. వేసుకున్నామని చెప్పేదాకా ఊరుకోదు. అందులో పెట్టింది వాళ్ళమ్మ గొంతు కాబట్టి ఊరుకునే ప్రశ్నే లేదు. అప్పటికే నాలుగువేల మంది దాన్ని వాడుతున్నారు. రెండు నెలల కిందట ఆ అమ్మాయి ఉద్యోగం మానేసి దీని మీదే కూర్చుంది. వయసు మళ్ళినవాళ్ళ ఆస్పత్రి నుంచి పెద్ద నర్సమ్మ ఇది జరిగిన రోజు పదకొండింటికి వస్తానంది. తన ఫోనులో పెట్టుకుని చూసి, సరే అనుకుంటే ఆస్పత్రికి వచ్చే మూడువందల మందికీ పెట్టిస్తుంది. కాదంటే అమ్మాయి తల వంచుకుని పాత ఆఫీసు మెట్లెక్కాలి.

పొద్దున ఎనిమిదింటికి, యాప్‌లన్నీ దొరికే ఆ పెద్ద స్టోరు నుంచి తండ్రి ఫోనుకు ఒక కబురు వచ్చింది. ఖాతా తెరిచేనాటికి అమ్మాయికి వయసు చాలక తండ్రి పేరున తెరిచింది. ఆ పేరు అలాగే ఉండిపోయింది.

"నాన్నా, స్టోరు వాళ్ళు నిబంధనలు మార్చారట. కింద 'అంగీకరిస్తున్నాను' అని ఉంటుంది, నొక్కెయ్. నేను స్నానం చేసొస్తా."

"చదవకుండానా?"

"అందరూ నొక్కేసేదే నాన్నా అది!" అని తలుపేసుకుంది.

స్నానం చేసి వచ్చేసరికి తండ్రి బల్ల ముందు కూర్చుని, పక్కన తెల్లకాగితాలు పెట్టుకుని, నలభైమూడో పేజీలో ఉన్నాడు.

"నొక్కావా?"

"నొక్కాను."

"హమ్మయ్య!"

"అంగీకరించను అని."

అమ్మాయి చేతిలో తువ్వాలు జారిపోయింది. "ఏంటి నాన్నా నువ్వు చేసిన పని!"

"పద్నాలుగో నిబంధన చూడు తల్లీ. 'కారణం చెప్పకుండా, ముందుగా తెలపకుండా, మాకు తోచినప్పుడు ఏ యాప్‌నైనా తొలగిస్తాం. ఇకపై మేం రాయబోయే నిబంధనలకు కూడా మీరు ఇప్పుడే అంగీకరించినట్టు.' ఇంకా రాయనిదాన్ని చదివానని ఎలా అనను? ఇప్పుడే దేవుడికి దణ్ణం పెట్టుకుని లేచాను. లేస్తూనే అబద్ధమాడమంటావా? అయినా వాళ్ళే రెండు గళ్ళు పెట్టారు. రెండోది నొక్కడానికి కాకపోతే ఎందుకు పెట్టినట్టు?"

దానికి జవాబు స్టోరు ఇచ్చింది. ఎనిమిదీ నలభైకల్లా 'మందువేళ' స్టోరులో కనబడకుండా పోయింది.

అమ్మాయి కంప్యూటరు ముందు కూలబడి, స్టోరు సహాయ కేంద్రం తలుపు తట్టింది. లోపల ఉన్నది మనిషి కాదు, జవాబులు చెప్పే యంత్రం. 'మీ అభ్యంతరాన్ని రెండువందల అక్షరాల్లో తెలపండి' అంది అది.

"లే, నేను రాస్తాను. అభ్యంతరం నాది," అన్నాడు తండ్రి.

ఆయన దగ్గర అభ్యంతరం తొమ్మిది కాగితాల నిండా ఉంది. ఒక్క అక్షరం కూడా తగ్గించడానికి ఒప్పుకోలేదు. 'అయ్యా, క్షేమమని తలుస్తాను' అని మొదలుపెట్టి, రెండువందల అక్షరాల చొప్పున ముక్కలు చేసి ఒకదాని వెనక ఒకటి పంపించాడు. నలభయ్యో ముక్క దగ్గర యంత్రం ఆపేసింది. 'మీరు మనిషి కాదని మాకు అనుమానం వస్తోంది. సైకిళ్ళు ఉన్న బొమ్మలన్నీ ఎంచి, మనిషేనని నిరూపించుకోండి.'

"చూశావా! యంత్రం నన్ను మనిషివేనా అని అడుగుతోంది!"

"అబ్బా, నొక్కు నాన్నా. ఇది సైకిల్, ఇది సైకిల్, అది కూడా."

"అది సైకిల్ కాదమ్మా, సైకిల్ చక్రం. గోడకు ఆనించి ఉంది. వాళ్ళు చక్రాలు అడగలేదు."

"వెనకాల మిగతా సైకిల్ ఉంటుంది నాన్నా!"

"ఉంటుందని నువ్వంటున్నావు. నాకు కనబడందే ఎలా నొక్కను?"

మూడుసార్లు ఆయన మనిషి కాదని తేలింది. ఖాతాకు తాళం పడింది. అప్పటికి తొమ్మిదిన్నర.

వంటింట్లోంచి ఇదంతా వింటున్న తల్లి కొంగు దోపుకుని వచ్చింది. ఆవిడ ముందుగదిలో కుట్టుపని నేర్పుతుంది. ఇరవైముగ్గురు ఆడవాళ్ళు అప్పటికే మిషన్ల ముందు కూర్చున్నారు.

"మీరిద్దరూ తప్పుకోండి. నలుగురూ అడిగితే ఎవరైనా వింటారు. ఏమర్రా, ఫోన్లు తీయండి! స్టోరు వాళ్ళకు ఫిర్యాదు రాయాలి. నేను చెబుతాను, రాసుకోండి."

ఇరవైముగ్గురూ ఆ ఇంటి ఇంటర్నెట్ మీదే, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశారు. 'మందువేళ యాప్ చాలా మంచిది. దాన్ని వెంటనే తిరిగి పెట్టాలి. ఆ అమ్మాయి రాత్రింబవళ్ళు కష్టపడింది.' మంచి విద్యార్థులు కాబట్టి వారిలో ఆరుగురు ఆ తర్వాతి వాక్యం కూడా వదల్లేదు. 'ఏయ్, పక్కదాని ఫోనులోకి చూడకు, అటు కత్తెర కింద పడుతోంది.'

ఒకే ఇంటి నుంచి, ఒకే నిమిషంలో, ఒకే మాటలతో ఇరవైమూడు ఫిర్యాదులు. వాటిలో ఆరింటిలో కత్తెర. స్టోరు యంత్రానికి ఇంతకంటే పెద్ద దొంగముఠా కనబడి ఉండదు. పదింటికి తీర్పు వచ్చింది. 'మోసపూరిత ప్రవర్తన కారణంగా మీ ఖాతా శాశ్వతంగా మూసివేయబడింది.'

కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి.

"శాశ్వతంగానా?" అంది తల్లి నెమ్మదిగా.

అంతసేపూ తండ్రి మీద విసుక్కుంటున్న అమ్మాయి అప్పుడు ఒంటికాలి మీద లేచింది. "మోసమా? ఎవరిది మోసం? నాలుగేళ్ళు కళ్ళు పోయేలా కూర్చుని చేశాను. ఒక యంత్రం వచ్చి అరగంటలో తీసిపారేస్తుందా? స్టోరు వాళ్ళదైతే మాత్రం నా కష్టం కూడా వాళ్ళదేనా? నువ్వు నొక్కింది కరెక్టే నాన్నా. ఇంకోసారి అడిగినా అదే నొక్కు!"

"నీ ఉద్యోగం?" అంది తల్లి.

"పోతే పోనీ. మెట్లే కదా, ఎక్కుతాను. వీళ్ళ ముందు మాత్రం వంగను."

తండ్రి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "వంగొద్దు. ముందు నన్ను చివరిదాకా చదవనీ. ఇంకా పద్దెనిమిది పేజీలున్నాయి."

పదీ ఇరవైకి ఆయన ఎర్ర పెన్సిలు ఒక చోట ఆగింది. "ఇదిగో, యాభైయెనిమిదోది. 'కొత్త నిబంధనలను అంగీకరించని వారికి తొంభై రోజులు గడువు ఉంటుంది. ఆ గడువులో పాత నిబంధనలే వర్తిస్తాయి.' అంటే ఇవాళ తీసేయడం వాళ్ళు రాసుకున్నదానికే విరుద్ధం. ఆ యంత్రం కూడా చదవకుండానే నొక్కేసిందన్నమాట!"

ఆఖరి పేజీలో, ఆఖరి గీత కింద ఒక ఫోన్ నంబరు ఉంది. 'ఈ నిబంధనల్లో పొరపాట్లు కనబడితే తెలపగలరు.'

తండ్రి ఫోన్ చేస్తే, పదిసార్లు మోగాక అవతల ఎవరో ఎత్తారు. ముందు ఆయాసం మాత్రమే వినబడింది.

"హలో?" అన్నాడు తండ్రి.

"ఎవరండీ?" అంది అవతలి గొంతు బెదురుతూ. "ఈ నంబరు మీకెలా తెలిసింది?"

"మీరే రాశారుగా బాబూ. డెబ్భైయొకటో నిబంధన కింద."

"అక్కడిదాకా చదివారా? సార్, మూడేళ్ళ నుంచి ఈ కుర్చీలో కూర్చుంటున్నాను. ఈ ఫోన్ మోగడం ఇదే మొదలు. మంటలేమైనా లేచాయేమోనని బయటికి పరిగెత్తి మళ్ళీ వచ్చాను."

తండ్రి యాభైయెనిమిదో నిబంధన చదివి వినిపించి, సైకిల్ చక్రం సంగతీ కత్తెర సంగతీ చెప్పాడు. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఉంది సార్. నిజంగానే ఉంది. నేనిప్పుడే చూస్తున్నాను. తప్పు మాదే. పావుగంటలో ఖాతా తెరిపించి, యాప్ మళ్ళీ పెట్టించేస్తాను. ఒక్క సాయం చేయండి, ఆ కొత్త నిబంధనలు కాస్త అంగీకరించెయ్యండి. నా పని తేలికవుతుంది."

"పద్నాలుగోది కొట్టేయండి, నొక్కుతాను."

"అది నా చేతుల్లో లేదు సార్."

"నా వేలు నా చేతిలోనే ఉంది బాబూ. తొంభై రోజులు ఉందిగా, ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళకు చెప్పండి. ఆ తర్వాత కూడా నేను ఇదే మాటంటాను."

పదీ యాభైయేడుకు 'మందువేళ' స్టోరులోకి తిరిగొచ్చింది. కుట్టుగది చప్పట్లతో మార్మోగింది. అమ్మాయి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసి ఊపేసింది. ఎర్ర పెన్సిలు కింద పడింది.

సరిగ్గా పదకొండింటికి పెద్ద నర్సమ్మ వచ్చింది. చెప్పులు గుమ్మం పక్కన వరసగా పెట్టి, కుర్చీలో నిటారుగా కూర్చుని, యాప్ తన ఫోనులోకి దించుకుంది. అందరూ ఆవిడ వేలి వంకే చూస్తున్నారు. వేలు ఆగిపోయింది. ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

"ఏమైందండీ?" అంది అమ్మాయి.

"నిబంధనలున్నాయిగా అమ్మా. చదువుతున్నాను."

"అయ్యో, అందరూ నొక్కేసేదేనండీ అది!"

"సీసా మీద రాసింది చదవకుండా ముప్పైయేళ్ళలో ఎవరికీ మందు పోయలేదమ్మా నేను. ఇప్పుడు చదవకుండా ఎలా?" అని ఆవిడ పైకే చదవడం మొదలుపెట్టింది. "'ఆట మొదలుపెట్టే ముందు అమ్మానాన్నల అనుమతి తీసుకోవాలి. రోజుకు గంటకు మించి ఆడకూడదు.' ఏం ఆటమ్మా?"

అమ్మాయి ఆ ఫోను అందుకోబోయింది. ఆవిడ ఇవ్వలేదు.

"'ఆటగాడి ప్రాణాలు పోతే మా బాధ్యత లేదు. ఇరవైనాలుగు గంటల్లో కొత్త ప్రాణాలు మూడు వాటంతటవే వస్తాయి.' మా ఆస్పత్రిలో ఇంకా రావడం లేదు తల్లీ." ఆవిడ మొహంలో నవ్వు లేదు. "'కారణం చెప్పకుండా, ముందుగా తెలపకుండా, మాకు తోచినప్పుడు ఈ సేవను నిలిపివేస్తాం.' అంటే గుండెమాత్ర వేసుకునే మనిషికి రేపు పొద్దున ఇది మోగకపోతే, ఎందుకని అడిగే హక్కు కూడా లేదా? ఇది నేను అంగీకరించను."

ప్రూఫులాయన కూతురి వైపు తిరిగాడు. ఆయనకు ఇంతవరకు ఏ మందూ అవసరం పడలేదు కాబట్టి ఆ యాప్ పెట్టుకోలేదు. ఆ ఇంట్లో ఆయన చదవని అక్షరాలు అవి మాత్రమే.

"ఎక్కడివి తల్లీ ఇవి?"

"స్టోరు వాళ్ళు నిబంధనలు లేనిదే పెట్టనివ్వం అన్నారు నాన్నా. హడావుడిలో... పిల్లల ఆట యాప్ ఒకటుంటే, దాంట్లోంచి తీసి అతికించాను."

"చదవకుండానా?"

అమ్మాయి తల దించుకుంది. గదిలో ఒక కుట్టుమిషను మాత్రం గిర్రుమని, తప్పు చేసినట్టు ఆగిపోయింది. పొద్దుటి నుంచి స్టోరు వాళ్ళను తిట్టిన తిట్లన్నీ ఆ పిల్ల మనసులో ఒక్కొక్కటే వెనక్కి వస్తున్నాయని ఎవరూ చెప్పక్కర్లేదు.

"కొట్టేస్తాను," అంది చివరికి, తలెత్తి. "స్టోరు వాళ్ళు పద్నాలుగోది కొట్టినా కొట్టకపోయినా, నాది నేను కొట్టేస్తాను. ఇది ఏ రోజైనా ఆపాల్సొస్తే నెల ముందు చెబుతాను, ఎందుకో కూడా చెబుతాను. ఒక్క గంట కూర్చుంటారా?"

"గంటన్నర కూర్చుంటాను," అంది నర్సమ్మ. "తిరిగి రాసింది కూడా చదవాలిగా."

తండ్రీ కూతుళ్ళు బల్ల దగ్గర తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ఆమె రాయడం, ఆయన గీత పెట్టడం, ఆమె వాదించడం. పన్నెండుంపావుకు మూడు పేజీలు ఏడు వాక్యాలయ్యాయి. నర్సమ్మ ఏడూ రెండుసార్లు చదివి, ఐదో దానిలో ఒక మాట మార్పించి, 'అంగీకరిస్తున్నాను' నొక్కింది. మూడువందల మందికీ సోమవారం నుంచి పెట్టిద్దామంది.

ఆవిడ వెళ్ళాక అమ్మాయి యాప్‌కు వచ్చిన పాత ఉత్తరాలు తెరిచి, అట్టడుగుకు వెళ్ళింది. రెండేళ్ళ కిందట ఎనభైయొక్కేళ్ళ పాత రైలు డ్రైవరు ఒకాయన ఒక ప్రశ్న అడిగాడు. 'అమ్మాయీ, అమ్మానాన్నల అనుమతి కావాలని రాశావు. నా తల్లిదండ్రులు పోయి చాలా కాలమైంది. ఎవరిని అడగమంటావు?' అప్పట్లో ఎవరో వేళాకోళం చేస్తున్నారనుకుని నవ్వుకుని వదిలేసింది. ఇన్నాళ్ళూ ఆయనకొక జవాబు బాకీ ఉండిపోయింది. ఇప్పుడు క్షమించమని, ఎవరి అనుమతీ అక్కర్లేదని, తప్పు పూర్తిగా తనదేనని రాసి, తండ్రి చేత దిద్దించకుండానే పంపించింది.

సాయంత్రానికి తిరుగు జాబు వచ్చింది.

'చాలా సంతోషం తల్లీ. ఈ రెండేళ్ళూ వాళ్ళకు తెలియకుండానే వేసుకుంటున్నాను.'