మార్కెట్ హాలు కప్పు మీద మేవిస్

ఆ బుధవారం సంత రోజు పొద్దున్న మేవిస్ థ్రప్ పెట్టుకున్న పని చాలా చిన్నది. పాత మార్కెట్ హాలు మేడ మీది బీరువాలోంచి టేబుల్ గుడ్డలు తెచ్చి, చర్చిలో మధ్యాహ్నం టీ విందుకు పరవాలి. ఆల్డెన్‌బరీ నడిబొడ్డున రాతి స్తంభాల మీద వందల ఏళ్లుగా నిలబడ్డ ఆ హాలుకు చాలాకాలంగా తాళమే. ఆమె భర్త క్లిఫర్డ్ కౌన్సిలర్ కాబట్టి తాళంచెవి ఇంట్లోనే ఉంది. హాలును ఒక హోటల్ వాళ్లకు అమ్మాలా వద్దా అన్నది కౌన్సిల్ ఆ సాయంత్రమే తేల్చబోతోంది. సగంమంది అటు, సగంమంది ఇటు. క్లిఫర్డ్ అమ్మేద్దామనే వైపు.

"అక్కడ ఎక్కువసేపు ఉండకు. జనం చూస్తే లేనిపోని మాటలు పుడతాయి," అన్నాడు టోస్టు నములుతూ.

"గుడ్డలు తెచ్చుకోవడానిక్కూడా మీ కౌన్సిల్ తీర్మానం కావాలా?" అంది మేవిస్.

హాలు మేడ మీద బీరువా తెరిస్తే ఎర్ర గుడ్డ ఒకటి ముక్కిపోయిన వాసన కొట్టింది. గాలికి దులుపుదామని ఆమె మెలికల మెట్లెక్కి కప్పు మీదికి వెళ్లింది. వెనకాల తలుపు ధడాలున మూసుకుంది. బయటివైపు పిడి లేదు. ఫోను కింద సంచిలో ఉంది.

కేకవేయబోయిన మేవిస్ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. పుట్టి పెరిగిన ఊరే. కానీ టీల్ నది ఊరిని ఇలా ఒడిలోకి తీసుకుని వంపు తిరుగుతుందని ఆమెకు తెలియదు. కమానుల వంతెన కింద నీళ్లు వెండిలా మెరుస్తున్నాయి. ఉన్ని వీధి, పందుల సందు, గుర్రాల వీధి, కొండ మీంచి ఒకటి, రేవు నుంచి ఒకటి, అన్నీ తన కాళ్ల కిందికే వచ్చి చేరుతున్నాయి. ఒకప్పుడు ధాన్యం బేరాలు జరిగిన ఎక్స్ఛేంజి భవనం నెత్తిన రాతిలో చెక్కిన గోధుమ పనలు. దానవతల చర్చి శిఖరం, మేఘాల్లోకి.

"ఇదంతా ఇక్కడే ఉందా!" అనుకుంది. తర్వాత గుర్తొచ్చి గుడ్డ ఊపడం మొదలుపెట్టింది.

చీజ్ అమ్మే ఆంబ్రోస్ ముందుగా చూశాడు. "అదిగో, కౌన్సిలర్ గారి భార్య! ఎర్రజెండా ఎత్తింది!"

"తలుపు మూసుకుపోయింది! తెరవండి!" అని మేవిస్ అరిచింది. గాలికి సగమే కిందికి చేరింది.

"ఏమంటోంది?" అంది ఒకావిడ.

"హాలు మూసేశారు, తెరవమంటోంది. న్యాయమేగా! మా పెళ్లి విందు అందులోనే అయింది," అన్నాడు ఆంబ్రోస్.

"తెరవండి! తెరవండి!" సంతంతా అందుకుంది. వాళ్లకు వినపడలేదేమోనని మేవిస్ ఇంకా గట్టిగా ఊపింది. ఇన్నేళ్లూ తలలు వంచుకుని క్యాబేజీలు ఏరిన జనం ఆ వేళ తలలెత్తారు. చూరు కింద చెక్కిన రాతి ముఖాలను ఒకరికొకరు వేలెత్తి చూపించుకున్నారు.

సాసేజిల బండి దగ్గరున్న క్లిఫర్డ్‌ని ఆంబ్రోస్ పట్టుకున్నాడు. "ఏంటండీ, ఇంట్లోనే తిరుగుబాటా?"

క్లిఫర్డ్ పరుగున వెళ్లి మెట్లెక్కి, రొప్పుతూ కప్పు మీదికి దూకాడు. "ఏం చేస్తున్నావు నువ్వు! నా పరువు..."

"తలుపు పట్టుకో!"

ధడ్.

"నీ ఫోను ఏది?" అంది మేవిస్.

"సాసేజిల బండి మీద."

కింద కేరింతలు. "కౌన్సిలర్ కూడా మనవైపే!" కాదని చెప్పడానికి ఆయన చెయ్యి ఎత్తాడు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. నిజం అరిచి చెబుదామని అంచుకు వెళ్లిన క్లిఫర్డ్ అక్కడే ఆగిపోయాడు.

"మేవిస్, ఆ నది పక్కది మా నాన్న పనిచేసిన పిండిమర కదూ?"

"అదే."

"ఎంత చిన్నగా ఉందో. ఊరు మొత్తం ఈ హాలు చుట్టూ కూర్చున్నట్టుంది." ఆయన కళ్లు తుడుచుకుని, గాలికే అన్నాడు. తర్వాత గుడ్డ రెండో కొస పట్టుకున్నాడు. ఎవరో పిలిచిన ఫైరింజను నిచ్చెన వచ్చేసరికి ఇద్దరూ కాసేపు ఆగమన్నారు.

సాయంత్రం క్లిఫర్డ్ ఓటు అమ్మకానికి వ్యతిరేకంగా పడింది. హాలు ఊరి సొత్తుగానే మిగిలింది.

"అలా వేశావేం?" అంది మేవిస్ ఇంటికొచ్చాక.

"పైనుంచి చూశాక అమ్మడానికి చెయ్యి లేవలేదు. పైగా నువ్వంత పోరాడాక..."

"పోరాటమా? నన్ను దించమని అరిచాను! హోటల్ వాళ్లయితే లిఫ్ట్ పెడతామన్నారు. రోజూ పైకెళ్లి చూసుకునేదాన్ని."

ఆ సాయంత్రమే ఊరివాళ్లు పెట్టుకున్న హాలు పరిరక్షణ సంఘానికి ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకున్న సంగతి క్లిఫర్డ్ మర్నాడు పొద్దున్న దాకా చెప్పలేదు.