రెండు రెక్కల మధ్య రాహువు

ఆ గురువారం పొద్దున కొండల్ రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. హెలికాప్టర్ నేల మీంచి లేస్తుంది, కాసేపు గాల్లో నిలబడి దిగుతుంది, తను ఇంటికెళ్ళి పప్పన్నం తిని పడుకుంటాడు. ఫిలడెల్ఫియా అవతల పొలాల్లో, ఒక రేకుల షెడ్డులో, మూడేళ్ళుగా ఆ యంత్రంతోనే ఈ ఇంజినీరు కాపురం. ఒకే ఇరుసు మీద పైనొక రెక్కల వరస, కిందొక వరస. పైది కుడికి తిరిగితే కిందిది ఎడమకి తిరుగుతుంది. పెట్టుబడిదారులు చూడ్డానికొచ్చారు, సాయంత్రం విమానానికి వెళ్ళిపోతారు. ఈలోగా అది లేవకపోతే కంపెనీ మూత, కొండల్ రావు కోసం కంపెనీ పెట్టిన గ్రీన్‌కార్డ్ దరఖాస్తు గోవింద.

గాలి ఎక్కువగా ఉందని బాస్ హారిస్ ప్రయోగాన్ని మధ్యాహ్నం ఒకటిన్నరకి మార్చాడు. ఆలస్యమవుతుందని చెబుదామని కొండల్ రావు గేటు కాపలావాడి బల్ల మీది ఫోన్ తీసుకుని ఇంటికి చేశాడు.

"ఇవాళ గురువారమండీ," అంది అనంతలక్ష్మి. "ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. పోయి పోయి ఆ టైమే దొరికిందా మీ వాళ్ళకి?"

భార్య పంచాంగాన్ని చూసి ఇన్నాళ్ళూ అతను నవ్వుతూనే వచ్చాడు. అయితే అలా నవ్విన రోజుల్లో గ్రీన్‌కార్డ్ పణంగా లేదు. మూడు దాటాకే లేచేట్టు చూస్తానని మాటిచ్చి ఫోన్ పెట్టేశాడు.

మాటివ్వడం తేలికే. హారిస్‌కి రాహువును పరిచయం చేయడమెలా? కొండల్ రావు గొంతు సవరించుకుని, కింది రెక్కల బేరింగ్ ఒక్కసారి విప్పి చూస్తే బావుంటుందన్నాడు.

షెడ్డంతా చల్లబడిపోయింది. మూడేళ్ళలో ఏ మీటింగులోనూ నోరు విప్పని మనిషి ఇవాళ విప్పాడంటే ఏదో ఉందన్నమాట. పైలట్ డాబ్స్ అతని మొహంలోకి కాసేపు చూసి, పెట్టుకున్న హెల్మెట్ తీసేశాడు. పెట్టుబడిదారులు గుసగుసలు మొదలెట్టారు. బేరింగ్ విప్పారు, అది అద్దంలా ఉంది. దాంతో అనుమానం తగ్గాల్సింది పోయి ముదిరింది. బేరింగ్ బాగుంటే ఈ మనిషి ఎందుకు ఆపినట్టు?

అప్పుడు కాపలావాడు ముందుకొచ్చాడు. ఈయన తన ఫోన్‌లో ఎవరితోనో అర్థంకాని భాషలో మాట్లాడాడనీ, మాట్లాడుతున్నంతసేపూ గడియారం వంకా హెలికాప్టర్ వంకా చూశాడనీ విన్నవించాడు. పోటీ కంపెనీ మనిషేమోనని పెట్టుబడిదారుల్లో ఒకడు పైకే అనేశాడు. హారిస్ కొండల్ రావును గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

"ఎవరితో మాట్లాడావు?"

"మా ఆవిడతో."

"దేని గురించి?"

"టైము గురించి."

"నా హెలికాప్టర్ ఎప్పుడు లేవాలో మీ ఆవిడ చెబుతుందా?"

నిజం చెబితే పిచ్చివాడంటారు, చెప్పకపోతే గూఢచారి అంటారు. కొండల్ రావు మళ్ళీ గడియారం వంకే చూశాడు.

చిక్కు విప్పింది డాబ్సే. యంత్రంలో లోపం లేదని ఈయన ప్రమాణం చేయనక్కర్లేదు, పక్క సీట్లో కూర్చుంటే చాలు, లేకపోతే తాను ఎగరనన్నాడు. హారిస్‌కి ఈ పరీక్ష తెగ నచ్చింది. బేరింగ్ బిగించేసరికి మూడూ పది అయింది. రాహుకాలం వెళ్ళిపోయిందిగదా అని కొండల్ రావు ధైర్యంగా ఒప్పుకున్నాడు. ఎక్కబోతుంటే ఇంటినుంచి ఫోనొచ్చింది. కాపలావాడు అతన్ని గేటు దగ్గరికి పిలిచి రిసీవర్ ఇచ్చి, తానూ చెవి దగ్గరపెట్టాడు.

"ఎగిరిపోయిందా అండీ? ఇందాకట్నుంచీ చేస్తూనే ఉన్నా, ఎంగేజ్ వస్తోంది. పక్కింటి రేణు ఇప్పుడే చెప్పింది. ఎండాకాలం ఇక్కడ గడియారాలు గంట ముందుకి తిప్పుతారు కదా, రాహుకాలానికి కూడా గంట కలపాలట. రెండున్నర నుంచి నాలుగు దాకా. ఒకటిన్నరకి దివ్యంగా ఉండేదండీ."

కొండల్ రావు వెనక్కి తిరిగాడు. హారిస్, డాబ్స్, కాపలావాడు, పెట్టుబడిదారులు అందరూ అతని మొహాన్నే చూస్తున్నారు. ఇప్పుడింకో బేరింగ్ పేరెత్తితే సరాసరి పోలీసుల్నే పిలుస్తారు. కళ్ళు మూసుకుని ఎక్కాడు.

యంత్రం లేచింది. వణకలేదు, ఒరగలేదు, గాల్లో బుద్ధిగా నిలబడి దిగింది. వణికింది కొండల్ రావు ఒక్కడే. పెట్టుబడిదారులు అక్కడికక్కడే కాగితాల మీద సంతకాలు చేశారు.

హారిస్ పరుగున వచ్చి అతని చేతులు పట్టుకున్నాడు. అనుమానించినందుకు క్షమించమన్నాడు. అంత జాగ్రత్త, అంత ధైర్యం ఉన్న మనిషిని వదులుకోలేననీ, గ్రీన్‌కార్డ్ సంగతి తానే చూసుకుంటాననీ, ఇకమీదట ప్రతి ప్రయోగంలోనూ డాబ్స్ పక్క సీటు అతనిదేననీ అందరి ముందూ ప్రకటించాడు.

అలా ఉద్యోగం నిలబడింది. కొండల్ రావు నిలబడటానికి మాత్రం మరో అరగంట పట్టింది.