గోడ మీద చెమ్మ

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ కథలో తప్పంతా కోడలిదేనని నాకు తెలుసు. అయినా నేను ఆవిడ పక్షమే.

కోడలు ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ టెస్టర్. రోజూ పొద్దున్నే లాగిన్ అయ్యేలోపు ఒక వాటర్ కలర్ బొమ్మ వేసి తీరాలని కంకణం కట్టుకుంది. వేస్తూనే ఉంది కూడా. చిక్కల్లా అది ఏం బొమ్మో ఇంట్లో ఎవరికీ అంతుపట్టేది కాదు. జలపాతం వేస్తే అత్తగారు కళ్లజోడు సవరించుకుని, "బాగుందమ్మా. ఆరేసిన దుప్పటేనా?" అన్నారు. చూడగానే ఇది ఫలానా అని ఒక్కరంటే ఒక్కరు గుర్తుపట్టాలి. కోడలికి అంతకుమించి కోరిక లేదు.

ఆ ఉదయం ఆమె తడి కాగితం మీద రంగు పాకించడం సాధన చేసింది. ఎంచుకున్నది చెమ్మెక్కిన గోడ. మధ్యలో బూడిదరంగు, చుట్టూ పసుపు తిరిగిన అంచు, అక్కడక్కడ బూజు చుక్కలు. దూరం నుంచి చూస్తేనే లోపాలు తెలుస్తాయి కనుక, స్టూలెక్కి హాల్లో గోడ మీద, పైకప్పుకి ఆనించి అంటించింది. కాగితమూ తెలుపే, గోడా తెలుపే. ఇంతలో మీటింగ్ టైమైంది. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని గదిలోకి పోయింది.

తిరిగొచ్చేసరికి హాల్లో ముగ్గురు మెడలు పైకెత్తి నిలబడి ఉన్నారు. అత్తగారు, పైఇంటి మాస్టారు, ఆయన తన కుళాయి బాగుచేయడానికి పిలిపించుకున్న ప్లంబరు.

"చూశారా మాస్టారూ, మీ బాత్రూమ్ మా నెత్తి మీదకొచ్చింది," అంటున్నారు అత్తగారు.

"నిన్న లేదే ఇది!" అన్నారు మాస్టారు.

"నిన్నా మొన్నటిది కాదండీ," అన్నాడు ప్లంబరు. "ఏళ్లుగా ఊరుతోంది. ఆ అంచు చూడండి, ఎలా పసుపెక్కిందో."

కోడలు నిజం చెప్పేద్దామనే నోరు తెరిచింది. బయటికొచ్చిన మాట వేరు. "ఆ అంచు... సహజంగా ఉందంటారా?"

"సహజమేంటమ్మా, ఘోరంగా ఉంది!"

పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఇంతగా మెచ్చుకున్నవాళ్లు లేరు.

"బూజు కాస్త ఎక్కువైందేమో?"

"మరే. లోపల గోడంతా కుళ్లిపోయుంటుంది."

ఇంకొక్క పొగడ్త విని అప్పుడు చెబుదామనుకుంది. ఈలోపు మాస్టారు, ప్లంబరు మెట్లెక్కేశారు. కాసేపటికి పైన సుత్తి చప్పుడు మొదలైంది. కోడలు ఒక్క పరుగున పైకి వెళ్లింది.

"ఆపండి! అది చెమ్మ కాదు, బొమ్మ! నేనే వేశాను!"

సుత్తి ఆగింది. వెనకే ఆయాసపడుతూ వచ్చిన అత్తగారు, "మా కోడలిది వెన్నలాంటి మనసు మాస్టారూ. మీ టైల్స్ పగులుతుంటే చూడలేక నింద తన నెత్తినేసుకుంటోంది," అన్నారు.

మాస్టారి కళ్లు చెమర్చాయి. "వద్దు తల్లీ. నీ బొమ్మలు నేను చూశానుగా. అది నీ చేతి పని కాదు."

"నమ్మరేంటండీ! కిందికి రండి, ఊడదీసి చూపిస్తా!"

"దేన్ని, గోడనా?" అని వెనక్కి తిరిగి నవ్వుతూనే ప్లంబరు ఇంకో దెబ్బ వేశాడు. పైపు పగిలింది.

వాల్వ్ ఎక్కడుందో కనుక్కుని కట్టేలోపు నీళ్లు చేరాల్సిన చోటికి చేరిపోయాయి. కోడలు కిందికి పరుగెత్తి చూస్తే, రంగంతా కారిపోయిన కాగితం సోఫా వెనక నానుతోంది. గోడ మీద అసలు సిసలు చెమ్మ పాకుతోంది.

"చెప్పానా, లీకుందని!" అన్నాడు ప్లంబరు, గుమ్మంలో గర్వంగా నిలబడి.

గోడ ఆరాక మరక మిగిలింది. అత్తగారు దాన్ని చాలాసేపు తేరిపార చూసి పెదవి విరిచారు.

"నాకెందుకో ముందుదే నయమనిపిస్తోందమ్మా. ఇదేదో చేత్తో వేసినట్టుంది."

కోడలు వెళ్లి ఇంకో కాగితం తడిపింది. మీరు కూడా మీ ఇంటి గోడల్ని ఒకసారి గోటితో గీకి, ఏం ఊడొచ్చిందో నాకు రాయండి.