టవరుమీద ఎర్రచీర

గంజాం జిల్లాలో సిగ్నల్ తగ్గిందని ఇక ప్రజలు మొత్తుకోనక్కర్లేదనీ, అరగంటకోసారి యంత్రమే నెట్‌వర్కును పరీక్షించి, వేగం తగ్గితే తన ఫోనుకే అలర్టు పంపుతుందనీ మంత్రిగారు బరంపురం సభలో ప్రకటించారు. ప్రజల కష్టం ప్రజలకన్నా ముందే తెలుసుకునే నాయకుడు దొరకడమంటే మాటలా!

యంత్రం పెట్టడానికి జాలరి కాసులు ఉండే సముద్రపు పల్లెనే ఎంచారు. కాసులు మురిసిపోయాడు. కొడుకు శంకర్ వేటకెళ్లాక గాలి తిరిగిందని ఫోన్‌లో చెబుదామంటే ఏనాడూ కలవదు. అందుకే పల్లెవాళ్లు సెల్‌టవరుకి చీర కడతారు. పచ్చదైతే వేట సాగించొచ్చు. ఎర్రదైతే ఒడ్డుకొచ్చేయాలి.

మొదటిరోజే మంత్రిగారికి నలభై ఎనిమిది అలర్టులు వెళ్లాయి. రోజుకున్న అరగంటలే అన్ని.

"ఏటోయ్ రవికాంత్, నన్ను అన్నం తిననివ్వదా ఇది?" అని ఇంజినీరుని నిలదీశారు.

"వేగం పదికన్నా తగ్గితే మోగేలా పెట్టాం సార్. అక్కడ రెండు కూడా రావట్లేదు."

"అయితే రెండు పెట్టు."

రెండు ఒకటైంది. ఒకటి సున్నా అయింది. సున్నాకన్నా తక్కువ వేగం ప్రపంచంలో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కాబట్టి అలర్టులు ఆగిపోయాయి. ఆఫీసు తెరమీద ఎర్రగా ఉన్న పల్లె చుక్క పచ్చబడింది. నెల తిరక్కుండానే 'అలర్టు లేని గ్రామం' అవార్డు వచ్చింది.

"ఫోను పలకట్నేదు గదా ఇంజినీరుబాబూ, అవార్డేటి?" అన్నాడు కాసులు.

"తెరమీద పలుకుతోంది కాసులూ."

అవార్డివ్వడానికి మంత్రిగారు స్వయంగా వేంచేశారు. ఆ పొద్దుటే మబ్బు లేచి గాలి అడ్డం తిరిగింది. శంకర్‌దితో కలిపి పదకొండు పడవలు సముద్రంలో ఉన్నాయి. కాసులు భార్య ముసలమ్మ తన ఎర్రచీర టవరుకి కట్టించింది. పడవలు ఒడ్డుకేసి తిరిగాయి.

మంత్రిగారు తలెత్తి చూశారు.

"రవికాంత్! ఈ ఎరుపేటి? ఇక్కడ అలర్టుల్లేవన్నావు!"

"క్లియర్ చేయిస్తాను సార్."

కానిస్టేబులు టవరెక్కాడు. ముసలమ్మ అడ్డంపడింది. "నా కొడుకు నీల్లమీదున్నాడు బాబూ! ఆ సీర తియ్యకండి, మీ కాల్లట్టుకుంతాను!"

"ఏడవకమ్మా, నీకు కొత్తది ఇస్తాంలే," అని మంత్రిగారు ఓదార్చి, సభలో పంచడానికి తెచ్చిన చీరల్లోంచి మంచి పచ్చది ఏరి టవరుకి కట్టించారు.

కాసులు చొక్కా విప్పి ఊపుతూ నీళ్లలోకి పరిగెత్తాడు. దగ్గరికొచ్చిన పడవలు ఒక్కొక్కటే మళ్లీ లోపలికి తిరిగాయి.

"చూశారా!" మైకులో మంత్రిగారి గొంతు గద్గదమైంది. "మన నెట్‌వర్కంటే వీళ్లకెంత నమ్మకమో!"

చప్పట్లు మోగాయి. ఆయన ఫోను మాత్రం ఒక్కసారీ మోగలేదు.