అబ్బులు గారి ఆటో ఎక్కడికీ పోలేదు

గువ్వలపూడి టౌన్ పోలీసు స్టేషన్ పరిధిలో ఈ ఏటి దొంగతనాలు దీపావళికే అయిపోయాయి కాబట్టి, నాగులచవితి నాడు అబ్బులు ఆటో పోయినా పోలేదు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. నేరాలు నిరుటికంటే పదో వంతు తగ్గాలని పైనుంచి ఏటా లెక్క వస్తుంది. స్టేషన్ వాళ్ళు దాన్ని గేటు పక్కన నల్లబల్ల మీద నేరానికో గడి గీసి రాస్తారు. గడి నిండితే నిండినట్టే. ఏడాదికి ఒక్క హత్యకు వీలుండగా, దాన్ని ఎండాకాలంలోనే ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదాలో వాడేసుకున్నారు. ఆ తర్వాత ఎవరికి ఎవరి మీద ఎంత కసి ఉన్నా కొత్త క్యాలెండరు వచ్చేదాకా పళ్ళు బిగబట్టుకోవలసిందే. ఇక గడి నిండాక పోయిన వస్తువు పోయినట్టు కాదు గనుక ఉన్నచోటే ఉంటుంది. జనం మొదట్లో కాస్త తడబడ్డారు గానీ ఇప్పుడు బాగానే అలవాటు పడ్డారు. బ్యాంకు వీధిలో ఒక పెద్దాయన అలా పోయీ పోకుండా మిగిలిన సైకిలుకు రోజూ గాలి కొట్టించుకుంటున్నాడు. షాపువాడు కొడుతున్నాడు.

అబ్బులుకి ఈ సంగతి తెలియక కాదు. తన దాకా వస్తుందనుకోలేదు, అంతే. పొద్దున్నే స్టేషన్‌కి పరిగెత్తాడు. అక్కడ జరిగిన మర్యాద గురించి చెప్పకపోతే తప్పు. వృత్తి ప్రమాణాల్లో జిల్లాకే మొదటి బహుమతి తెచ్చుకున్న స్టేషన్ అది. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టాలి, గ్లాసు కడిగి మంచినీళ్ళివ్వాలి, పేరు చివర గారు చేర్చాలి, మాటకి అడ్డు రాకూడదు. హెడ్ కానిస్టేబుల్ ఏసుపాదం ఇవన్నీ చేశాడు. మొత్తం విని, నల్లబల్ల వైపు ఒకసారి చూసి, ఆటోను పరిశీలించడానికి అబ్బులు వెంట బయలుదేరాడు.

“రాత్రి ఇక్కడే ఎట్టానండి. పొద్దున్న లేచి చూత్తే లేదు” అన్నాడు అబ్బులు, ఇంటి ముందు ఖాళీ జాగా చూపించి.

ఏసుపాదం ఆ జాగా చుట్టూ తిరిగాడు. వంగి టైర్లు చూశాడు. జేబురుమాలుతో సీటు దులిపి, ఎక్కి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. అతని కింద ఏమీ లేదు. ట్రైనింగులో నేర్పుతారు.

“సీటు కాస్త కుంగిందండి అబ్బులు గారూ, మార్పించుకోండి. బండి మాత్రం బాగుంది” అన్నాడు.

అబ్బులు భార్య తాయారు గుమ్మంలోంచి ఇదంతా చూస్తోంది. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. కానీ మనిషి అంత మర్యాదగా కూర్చుని ఉంటే ఏమంటుంది, లోపలికెళ్ళి కాఫీ పెట్టుకొచ్చింది.

ఆటో స్టాండులో ఒక నియమం ఉంది. వరుసగా కొన్నాళ్ళు బండి కనపడకపోతే ఆ బండి సీరియల్ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు. సీరియల్ పోతే, రేపు బండి దొరికినా నిలబెట్టుకునే చోటుండదు, ఇల్లు గడవదు. అందుకని అబ్బులు ఖాకీ చొక్కా తొడుక్కుని, రెండు చేతులూ ముందుకు చాపి, హ్యాండిలు పట్టుకుని స్టాండుకు నడిచాడు. తోటి డ్రైవర్లు ముందు నవ్వారు, తర్వాత జరిగి చోటిచ్చారు. ఆ రోజు బేరం తగల్లేదు. మర్నాడు భూలక్ష్మి ఎక్కింది.

భూలక్ష్మి రైసు మిల్లులో పని చేస్తుంది. ఆవిడ కూతురు శిరీష ట్యూషన్ నుంచి ఇంటికి వస్తూ దారిలో కనపడకుండా పోయింది. అప్పటికే తప్పిపోయినవాళ్ళ గడి నిండిపోయింది. ఏసుపాదమే వాళ్ళింటికి వెళ్ళి, పిల్లను పలకరించి, బాగా చదువుకోమ్మా అని చెప్పి వచ్చాడు.

“మిల్లు దాకా పోనీ బాబూ. మా పిల్ల కూడా ఎక్కుద్ది, కాస్త నిదానంగా పోనీ” అంది.

అబ్బులు వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ తన పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నిలబడింది. సరేనమ్మా అన్నాడు. అతను ముందు, ఆవిడ వెనక, మిల్లు దాకా నడిచారు. దిగాక ఆవిడ ఇద్దరికీ చార్జీ ఇచ్చింది. ఒక్కరికి చాలన్నా ఊరుకోలేదు.

ఆ తర్వాత జనం మెల్లగా ఎక్కసాగారు. ఎలాగూ నడిచే దూరమే, ఒంటరిగా నడిచేకంటే ఆటోలో నడవడం నయం కదా అనుకున్నారు. డిసెంబరు వచ్చేసరికి బండి నిండుగా తిరుగుతోంది. ముందు అబ్బులు, అతని వెనక ముగ్గురు. ఆ వెనక చెక్క మీద కూర్చునేవాళ్ళు మొహం వెనక రోడ్డు వైపు తిప్పి ఉండాలి గనుక వెనకడుగు వేస్తూ నడవాలి, అక్కడ వయసులో ఉన్నవాళ్ళనే ఎక్కించేవాడు. ఓవర్‌లోడని ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి చలానా కూడా రాశాడు. ఆ చలానా కట్టడంతో స్టాండులో అబ్బులు పరువు నిలబడింది.

ఇదంతా అతను కొత్త ఏడు వచ్చేదాకా అనుకునే చేశాడు. జనవరిలో నల్లబల్ల తుడుస్తారు. మొదటి దొంగతనం తనదే రాయించాలి, పోలీసులు వెతకాలి, బండి దొరకాలి. ఆ ఆశతోనే అరికాళ్ళు పగిలినా ఓర్చుకున్నాడు.

జనవరి ఒకటిన భూలక్ష్మి కూడా పిల్ల సంగతి రాయించడానికి వస్తానంది. ఇద్దరూ ఆటోను స్టేషన్ ముందు వేపచెట్టు కింద ఆపి లోపలికి వెళ్ళారు. నల్లబల్ల ఇంకా తడిగా ఉంది. గడులన్నీ ఖాళీ. ఏసుపాదం శుభాకాంక్షలు చెప్పి, మంచినీళ్ళూ కేకు ముక్కా పెట్టి, అబ్బులు చెప్పింది ఓపిగ్గా విన్నాడు.

“బండి చవితికే పోయిందంటున్నారు. మరి డిసెంబరులో చలానా కట్టారు కదండీ. లేని బండికి మేం చలానా రాశామా? అలా రాయడం మా ప్రమాణాలకే విరుద్ధం” అన్నాడు. అతని గొంతులో కోపం లేదు.

అంతలో బయట హారన్ మోగింది. అబ్బులుకి బాగా తెలిసిన హారన్. గేటు ముందు ఒక ఆటో ఆగి ఎవర్నో దించుతోంది. ముందు అద్దం దగ్గర తాయారు కట్టిన నిమ్మకాయలు ఎండిపోయి అలాగే వేలాడుతున్నాయి. నంబరూ అదే. నడిపేవాడు ఎవడో.

“అదేనండి నా బండి. అదిగో, గేటు కాడే ఉంది” అన్నాడు అబ్బులు.

ఏసుపాదం లేచి నిలబడి తీరిగ్గా చూశాడు. “అది వాళ్ళ బండండి. మీది చెట్టు కింద ఉంది. ఇందాక మీరే కదా పెట్టారు.”

అబ్బులుకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెట్టు వైపు చూశాడు. నీడ పక్కకి జరిగిపోయింది, సీటు మీద ఎండ పడుతోంది. రెక్సిన్ కాలితే ఎక్కినవాళ్ళు కూర్చోలేరు గదా అనిపించింది. కళ్ళు తుడుచుకుని లేచాడు.

ఇక భూలక్ష్మి వంతు. ఏసుపాదం ఆవిడకి కుర్చీ వేశాడు. పక్కన ఇంకో కుర్చీ వేసి, దాని ముందు కూడా ఒక గ్లాసు నీళ్ళూ కేకు ముక్కా పెట్టాడు. భూలక్ష్మి ఆ రెండో గ్లాసు వైపు చాలాసేపు చూసింది. దాని పక్కనున్న కేకు ముక్క కాగితంలో చుట్టుకుని లేచింది.

“పద బాబూ, పిల్ల అలిసిపోయింది” అంది.

అబ్బులు హ్యాండిలు పట్టుకుని బండిని రోడ్డెక్కించాడు. నాలుగడుగులు వేశారో లేదో వెనక అదే హారన్ మళ్ళీ మోగింది. అతను అద్దంలో చూసుకుని, ఎడమకి తిప్పి, సైడిచ్చాడు. ఆటో దుమ్ము లేపుకుంటూ పక్కనించే దూసుకుపోయింది. భూలక్ష్మి చప్పున పిల్లను లోపలికి లాక్కుంది.